గోడ దగ్గర మొదలుపెట్టకండి

మీరు అడిగింది ఇదీ: వచ్చే ఆగస్టులో ఎం.ఎస్.కి టెక్సాస్ వస్తున్నారు. అక్కడ స్పానిష్ మాట్లాడేవాళ్ళు ఎక్కువని విన్నారు. వాళ్ళ చరిత్ర కాస్త తెలుసుకుని విమానం ఎక్కుదామని డాక్యుమెంటరీలు వెతికితే అన్నీ మెక్సికో సరిహద్దు గోడలు, గస్తీ జీపులు, డ్రగ్స్ ముఠాలే. అవి కాక ఇంకేం చూడాలి?

నేను డాలస్ పక్క ఊళ్ళో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. మొదట్లో నేనూ గోడ సినిమాలే చూశాను, ఎందుకంటే ఎక్కడ చూసినా అవే దొరుకుతాయి. ఇప్పుడైతే ఎవరడిగినా చెప్పేది ఒకటే, సరిహద్దు కనిపించని సినిమాలతో మొదలుపెట్టమని. గోడ దగ్గర తీసిన సినిమాలో ఒక మనిషి జీవితంలోని రెండు మూడు రాత్రులే ఉంటాయి. అంతకుముందు ఊళ్ళో ఏం జరిగింది, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఇక్కడ ఎట్లా గడిచింది, అవేవీ కెమెరాకి చిక్కవు.

పైగా వీళ్ళందరూ దాటి వచ్చినవాళ్ళు కారు. మెక్సికోతో కుదిరిన 1848 ఒప్పందంతో కాలిఫోర్నియా, న్యూ మెక్సికో, అరిజోనా ప్రాంతాలు అమెరికా చేతికి వచ్చినప్పుడు అక్కడి కుటుంబాలు ఉన్నచోటే ఉన్నాయి, సరిహద్దు గీతే పక్కకి జరిగింది. అమెరికా ఏలుబడిలో ఉన్న ద్వీపం పోర్టోరికో. అక్కడివాళ్ళు 1917 నుంచి అమెరికా పౌరులు. మా ఆఫీసులో నా పక్క సీటాయనది పోర్టోరికో. మనవాడొకడు చొరవగా పోయి "మీది ఏ వీసా?" అని అడిగాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ పక్కన కూర్చున్న నాకే తల కొట్టేసినట్టయింది.

టెక్సాస్ వస్తున్నారు కాబట్టి ముందు టెక్సాస్ సినిమా చెప్తాను. "ది లాంగోరియా అఫేర్", 2010లో వచ్చింది, తీసినాయన జాన్ వాలడెజ్. ఫెలిక్స్ లాంగోరియా త్రీ రివర్స్ అనే చిన్న ఊరి మెక్సికన్ అమెరికన్. రెండో ప్రపంచ యుద్ధంలో 1945లో ఫిలిప్పీన్స్‌లో చనిపోయాడు. అవశేషాలు ఇంటికి చేరే వేళకి 1949 వచ్చింది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క అంత్యక్రియల గృహం వాళ్ళు, శవాన్ని తమ చాపెల్‌లో ఉంచడానికి ఒప్పుకోలేదు. తెల్లవాళ్ళకి నచ్చదన్నారు. దేశం కోసం చచ్చినవాడికి దేశంలో చోటు లేదు! చావులో కూడా ఎవరి కాడు వాళ్ళదే అన్న సంగతి మన పల్లెల్లో పుట్టినవాళ్ళకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. డాక్టర్ హెక్టర్ గార్సియా అనే ఆయన టెలిగ్రాములు కొట్టి గొడవ చేస్తే, అప్పుడే సెనేటర్ అయిన లిండన్ జాన్సన్ కల్పించుకుని ఆ సైనికుణ్ణి ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో ఖననం చేయించాడు. సినిమా అక్కడితో ఆగితే మామూలు విజయగాథ అయ్యేది. దశాబ్దాల తర్వాత మళ్ళీ అదే ఊరికి పోతే, ఆ పేరెత్తగానే జనం ఇంకా రెండు జట్లుగా చీలిపోవడం చూపిస్తారు. నాకు నచ్చింది అదే.

దీనికి తోకలాంటి సంగతి ఒకటుంది. 2007లో అమెరికాలో బాగా పేరున్న డాక్యుమెంటరీ దర్శకుడు కెన్ బర్న్స్ రెండో ప్రపంచ యుద్ధం మీద దాదాపు పదిహేను గంటల సిరీస్ తీశాడు. లక్షల్లో లాటినోలు, అంటే మెక్సికో, పోర్టోరికో, మధ్య, దక్షిణ అమెరికాల మూలాలున్నవాళ్ళు, పోరాడిన యుద్ధమది. అన్ని గంటల్లో వాళ్ళ ఊసే లేదు. టెక్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మాగీ రివాస్-రోడ్రిగెజ్, ఇంకా అనేక సంఘాలు అడ్డం తిరిగితే, చివరికి ఒక అరగంట అతికించారు. కాబట్టి ఏ సినిమా చూసినా, ఎవరిని చూపించారన్నదానితో పాటు ఎవరిని వదిలేశారో కూడా చూడండి.

ఇక నేను ఎక్కువసేపు చెప్పదలుచుకున్నది "నో మాస్ బేబేస్" గురించి. 2015, దర్శకురాలు రెనే తజీమా-పేన్యా. లాస్ ఏంజెలెస్ కౌంటీ పెద్దాసుపత్రి, 1960ల చివరి నుంచి 70ల మొదటి ఏళ్ళ దాకా జరిగిన కథ. కాన్పుకి వచ్చిన మెక్సికన్ ఆడవాళ్ళకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసి పంపేశారు. నొప్పులు పడుతూ, సిజేరియన్‌కి తీసుకుపోతున్న సమయంలో చేతికి కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. కాగితం ఇంగ్లీషులో. ఆమెకి వచ్చింది స్పానిష్. తమకి ఏం జరిగిందో కొంతమందికి చాలాకాలం తర్వాతే తెలిసింది.

అక్కడే పనిచేస్తున్న బెర్నార్డ్ రోజెన్‌ఫెల్డ్ అనే కుర్ర డాక్టరు ఇది చూడలేక ఆసుపత్రి రికార్డులు గుట్టుగా పోగుచేసి బయటికి చేర్చాడు. లా చదువు ముగించి ఎన్నాళ్ళో కాని ఆంటోనియా ఎర్నాండెజ్ ఆ కాగితాలు పట్టుకుని ఆ ఆడవాళ్ళని వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరిగింది. చివరికి పదిమంది తల్లులు కోర్టుకెక్కారు. 1978లో తీర్పు వచ్చింది, ఓడిపోయారు.

ఆ ఓడిన తీరు చూడాలి. వాళ్ళ తరఫున కార్లోస్ వేలెజ్-ఇబాన్యెజ్ అనే మానవశాస్త్ర నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. పల్లెల నుంచి వచ్చిన ఈ ఆడవాళ్ళకి బిడ్డల్ని కనడమంటే ఎంత పెద్ద సంగతో, అది పోతే మనిషి ఎంత కుంగిపోతుందో నెలల తరబడి వాళ్ళతో మాట్లాడి తేల్చి చెప్పాడు. న్యాయమూర్తి ఆ మాటనే తిప్పి కొట్టాడు. బాధకి కారణం వీళ్ళ సంస్కృతే అయితే, అది డాక్టర్లకెట్లా తెలుస్తుంది? వాళ్ళు మంచి ఉద్దేశంతోనే చేశారు, మాట అర్థంకాక జరిగిన పొరపాటే తప్ప తప్పు కాదన్నాడు. అంటే మా మనుషులు ఇట్లాంటివాళ్ళు అని విడమరచి చెప్పడమే వాళ్ళ మెడకి చుట్టుకుంది. ఆ సీను చూసినప్పటి నుంచి "లాటినో సంస్కృతిని పరిచయం చేసే చిత్రం" అని అట్ట మీద కనపడితే నాకు అనుమానమే. కుటుంబమంటే ప్రాణం, దేవుడంటే భక్తి, పండగంటే సంగీతం... ఇట్లా సాగే వ్యాఖ్యానం వినడానికి తియ్యగానే ఉంటుంది. ఆ మాటలనే కోర్టులో ఎట్లా వాడారో చూశాక మళ్ళీ వినబుద్ధి కాదు.

ఓడినా కేసు ఊరికే పోలేదు. సంతకానికీ ఆపరేషన్‌కీ మధ్య గడువు, స్పానిష్‌లో కూడా ఫారాలు వచ్చాయి. కొందరిని వాళ్ళ ఇష్టంతో పని లేకుండా అట్లా ఆపరేషన్ చేయడానికి వీలిచ్చిన పాత చట్టాన్ని కాలిఫోర్నియా 1979లో రద్దు చేసింది. లాస్ ఏంజెలెస్ కౌంటీ 2018లో క్షమాపణ చెప్పింది. మా అమ్మాయితో కలిసి చూశాను. ఇంగ్లీషు ఫారం ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చోవడమంటే ఏమిటో దానికి తెలియదు, ఇక్కడే పుట్టింది. మా అమ్మ ఇక్కడికొచ్చి ఆసుపత్రిలో పడ్డప్పుడు ప్రతి కాగితం మీదా ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ గీసేసింది. నేను పక్కన ఉన్నాను కాబట్టి సరిపోయింది.

మీది ఏ జిల్లానో చెప్పలేదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు అయితే మాత్రం "లోస్ కే సే కేదాన్" తప్పకుండా చూడండి. 2008 మెక్సికో సినిమా, హువాన్ కార్లోస్ రుల్ఫో, కార్లోస్ హాగెర్మాన్ కలిసి తీశారు. ఇందులో అమెరికా వెళ్ళినవాళ్ళ వెంట కెమెరా పోదు. ఊళ్ళో ఉండిపోయిన పెళ్ళాం, పిల్లలు, ముసలి తల్లిదండ్రుల దగ్గరే కూర్చుంటుంది. మా చిన్నాయన సౌదీలో ఉండేవాడు. ఫోను కలవడం గగనమైన రోజులు, క్యాసెట్లో మాట్లాడి ఎవరన్నా వస్తుంటే వాళ్ళ చేత పంపేవాడు. మా చిన్నమ్మ టేప్ రికార్డర్ ముందు కూర్చుని, నడుమ నడుమ ఆపి, అతనికి ఎదురుగా జవాబు చెప్తున్నట్టు మాట్లాడేది. ఈ సినిమాకి నాకు సబ్‌టైటిల్స్ పెద్దగా అవసరం పడలేదు.

వడగళ్ళ వానకి మా ఇంటి పైకప్పు పోతే కొత్తది వేయడానికి వచ్చినవాళ్ళందరూ మెక్సికో మనుషులే. జూలై ఎండలో పొద్దున మొదలుపెట్టి చీకటి పడేలోపు పని ముగించారు. మధ్యాహ్నం గ్యారేజీ నీడలో తింటూ ఒకాయన ఫోన్లో తన ఇల్లు చూపించాడు. సాన్ లూయిస్ పొతోసీ దగ్గర పల్లె, స్లాబు పడింది, పైన ఇనుప చువ్వలు అట్లాగే నిలబడి ఉన్నాయి, రెండో అంతస్తు డబ్బు వస్తే వేయాలని. మా ఊళ్ళో దుబాయి ఇళ్ళన్నీ అదే వాలకంలో ఉంటాయని చెప్తే పడీ పడీ నవ్వాడు.

దీనికి జంటగా బ్రసేరోల చరిత్ర చదవండి, లేదా "హార్వెస్ట్ ఆఫ్ లోన్లీనెస్" చూడండి. 1942 నుంచి 1964 దాకా రెండు ప్రభుత్వాలూ కుదుర్చుకున్న ఒప్పందం మీద మెక్సికో రైతుకూలీలని అమెరికా పొలాలకి తెచ్చారు, వాళ్ళే బ్రసేరోలు. మొత్తం 46 లక్షల దాకా కాంట్రాక్టులు. సరిహద్దు దగ్గర బట్టలు విప్పించి వరసగా నిలబెట్టి డీడీటీ కొట్టేవారు. మొదటి ఏళ్ళలో జీతంలో 10 శాతం కోసి, ఇంటికి పోయాక ఇస్తామన్నారు. చాలామందికి ఆ డబ్బు చేరనే లేదు. ముసలివాళ్ళయ్యాక దానికోసం ఊరేగింపులు చేశారు.

మనలో చాలామంది మెక్సికన్ అంటే చాలు అందరూ వచ్చేశారనుకుంటారు. డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మనవాళ్ళ హోటల్ వంటింట్లోకి తొంగి చూస్తే దోసె పోస్తున్న అబ్బాయి గ్వాటెమాలా వాడై ఉండవచ్చు. అతను ఎందుకొచ్చాడో తెలియాలంటే "హార్వెస్ట్ ఆఫ్ ఎంపైర్" ఉంది, 2012, పాత్రికేయుడు హువాన్ గొన్సాలెజ్ పుస్తకం ఆధారంగా తీసింది. 1954లో గ్వాటెమాలాలో జనం ఎన్నుకున్న అధ్యక్షుణ్ణి సీఐఏ దించేయడం, ఎల్ సాల్వడోర్‌లో 1980 నుంచి 92 దాకా నడిచిన అంతర్యుద్ధంలో అమెరికా సైనిక సాయం... అక్కడి నిప్పుకీ ఇక్కడికి వచ్చిన జనానికీ ఉన్న లంకె విప్పి చెప్తుంది. సినిమాగా కొంచెం పాఠంలా ఉంటుంది, ఒక్కసారి చూస్తే చాలు.

ప్రయాణం కూడా చూడాలనిపిస్తే రైలు సినిమాలున్నాయి. మధ్య అమెరికా నుంచి వచ్చేవాళ్ళు మెక్సికోలో గూడ్సు బండ్ల మీద ఎక్కి ఉత్తరానికి పోతారు, ఆ బండికి పెట్టిన పేరు 'లా బెస్తియా', అంటే మృగం. "విచ్ వే హోమ్" ఆ బండి మీద ఒంటరిగా పోయే పిల్లల కథ, ఆస్కార్‌కి నామినేట్ అయింది. బాగుంటుంది గానీ నాకు "ల్యేవాతే మిస్ అమోరెస్" ఇంకా ఇష్టం. వెరాక్రూస్ రాష్ట్రంలో లా పత్రోనా అనే పల్లె. 1995లో ఒకరోజు అక్కచెల్లెళ్ళిద్దరు రొట్టె, పాలు కొనుక్కుని వస్తుంటే పోతున్న గూడ్సు మీదున్నవాళ్ళు "అమ్మా, ఆకలేస్తోంది" అని అరిచారు. చేతిలో ఉన్నది ఇచ్చేశారు. అప్పటి నుంచి ఆ ఊరి ఆడవాళ్ళు రోజూ పెద్ద గుండిగల్లో అన్నం, చిక్కుడు గింజలు వండుతున్నారు. ప్లాస్టిక్ సంచుల్లో మూట కట్టి, నీళ్ళ సీసాలు రెండేసి తాడుతో జత చేసి పట్టాల పక్కన నిలబడతారు. జత ఎందుకంటే, పైనున్నవాడి చేతికి తాడు తగిలితే చాలు, రెండూ వస్తాయి. బండి ఆగదు. వేగంగా వస్తే విసిరింది చక్రాల కింద పడుతుంది, మళ్ళీ ఇంకోటి అందుకుంటారు. వెనకాల ఏడుపు సంగీతం వేయకుండా చూపించినందుకు దర్శకుడికి దణ్ణం పెట్టాలి.

ఇంకొకటి, మనకి చుట్టరికం ఉన్న కథ. "రూట్స్ ఇన్ ద శాండ్" అని జయశ్రీ మజుందార్ హార్ట్ తీశారు. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయలో వ్యవసాయానికి వచ్చిన పంజాబీలు 1917 వలస చట్టం వల్ల ఊరి నుంచి భార్యల్ని తెచ్చుకోలేకపోయారు. తెల్లవాళ్ళని చేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. పత్తి చేలల్లో పనిచేసే మెక్సికన్ అమ్మాయిల్ని పెళ్ళాడారు. 1923లో భారతీయులు పౌరసత్వానికి పనికిరారని సుప్రీంకోర్టు తేల్చాక భూమి తమ పేరున ఉంచుకునే దారి లేక, ఇక్కడే పుట్టిన పిల్లల పేరున రాసుకున్నవాళ్ళున్నారు. హెచ్1బీ కష్టాలు మనతోనే మొదలయ్యాయనుకునే మిత్రులకి ఈ సినిమా నేను ప్రత్యేకంగా అంటగడుతుంటాను.

దొరికే చోటు గురించి. మీ యూనివర్సిటీ లైబ్రరీ లాగిన్ రాగానే అందులో కానోపీ (లైబ్రరీల ద్వారా సినిమాలు చూపించే సైటు) ఉందేమో చూడండి, ఉంటే వీటిలో కొన్ని ఉచితంగానే దొరకవచ్చు. అమెరికా పబ్లిక్ టీవీ పీబీఎస్ వాళ్ళ "వోసెస్" సిరీస్ లాటినోల జీవితాలకీ సంస్కృతికీ కేటాయించింది, అందులో ఏది తగిలినా చూడండి. స్పానిష్ రాదని ఇంగ్లీషు డబ్బింగ్ పెట్టుకోవద్దు, సబ్‌టైటిల్స్‌తోనే చూడండి. యూట్యూబ్‌లో పది నిమిషాలకి కత్తిరించి పెట్టిన ముక్కల్లో మళ్ళీ ఆ గోడే మిగులుతుంది.