గౌతమిలో వచ్చేవారు సికింద్రాబాద్‌లో దిగాలా, లింగంపల్లి దాకా రావాలా?

మీరు అడిగినవి రెండు. చందానగర్‌లో కొత్తగా ఇల్లు తీసుకున్నారు కాబట్టి, కాకినాడ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే మీ అమ్మానాన్నలు సికింద్రాబాద్‌లో దిగాలా, లింగంపల్లి దాకా రావాలా అన్నది మొదటిది. ఊరి చివర ఉన్న లోకల్ రైళ్ల స్టేషన్‌కు ఇన్ని ఎక్స్‌ప్రెస్‌లు ఎందుకు వస్తున్నాయన్నది రెండోది.

లింగంపల్లి దాకా రానివ్వండి. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. సికింద్రాబాద్ నుంచి లింగంపల్లికి సుమారు 25 కిలోమీటర్లు. ఆ కాస్త దూరానికి ఎక్స్‌ప్రెస్ గంట తీసుకున్నా విసుక్కోకండి. పెద్దవాళ్లు పడుకునే వస్తారు, సామాను సీటు కిందే ఉంటుంది. పైగా లింగంపల్లి ఆఖరి స్టేషన్. దిగేలోగా రైలు కదిలిపోతుందన్న కంగారు ఉండదు.

ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట. మాది సామర్లకోట. గౌతమిని లింగంపల్లి దాకా పొడిగించిన కొత్తలో అమ్మానాన్నలకు ఇక్కడికే టికెట్ తీశాను. నాన్నగారు మాత్రం సికింద్రాబాద్ రాగానే రెండు సంచులు, మామిడిపళ్ల బుట్ట, అమ్మతో సహా దిగిపోయారు. ఆయన లెక్కలో హైదరాబాద్ వెళ్లడమంటే సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగడమే. నలభై ఏళ్ల అలవాటు మరి. ఇక్కడ నేను ఒక్కొక్క బోగీ ఖాళీ అవుతుంటే చూస్తూ ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. వాళ్లు సికింద్రాబాద్ నుంచి నల్లగండ్లలోని మా ఇంటికి ఆటోలో వచ్చారు. ఆటోకు ఇచ్చిన డబ్బు ఇద్దరి రైలు టికెట్ల కన్నా ఎక్కువ.

ఇక రెండో ప్రశ్న. నిజానికి మీవాళ్లు వచ్చే దారిలో ఈ ఆఖరి ముక్కే పాతది. బొంబాయి వైపు వెళ్లే ప్రధాన మార్గంతో తన రాజధానిని కలపడానికి నిజాం ప్రభుత్వం ఇప్పటి కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు లైను వేయించింది. అది 1874 అక్టోబరులో మొదలైంది. లింగంపల్లి ఆ లైను మీదే ఉంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా బెజవాడకు పట్టాలు పడింది ఆ తరువాత, 1889లో. మన గోదావరి జిల్లాలవాళ్లు ఈ వైపు రైల్లో రావడానికి అలా దారి ఏర్పడింది.

లైను పాతదే అయినా, స్టేషన్‌కు ఇంత హోదా నిన్నమొన్నటిదే. నేను 1996లో సెంట్రల్ యూనివర్సిటీలో చేరినప్పుడు లింగంపల్లి అంటే వికారాబాద్, తాండూరు వైపు ప్యాసింజర్లు ఆగే చోటు. హాస్టల్ నుంచి బండరాళ్ల మధ్య నడిచి వచ్చి, రాని రైలు కోసం చూసి చూసి మళ్లీ బస్సుకే వెళ్లిన రోజులు చాలా ఉన్నాయి. పొద్దున పూట గంపలనిండా ఆకుకూరలతో దిగే ఆడవాళ్లే ఆ స్టేషన్‌కు సందడి. అటు బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్, ఇటు యూనివర్సిటీ ఉన్నా, ఆ రెంటి మధ్యలో ఊరు ఇంకా మొదలు కాలేదు.

2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని ఎల్.కె.ఆద్వానీ ఎంఎంటీఎస్‌ను ప్రారంభించారు. రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పథకం అది. ఉన్న పట్టాల మీదే లోకల్ రైళ్లు నడిపి, మధ్యమధ్యలో చిన్న స్టేషన్లు కట్టారు. ఇటు చివర లింగంపల్లి, అటు చివర నాంపల్లి, సికింద్రాబాద్, తరువాత ఫలక్‌నుమా. అప్పుడే హైటెక్ సిటీ చుట్టూ ఉద్యోగాలు పెరిగాయి, మియాపూర్, చందానగర్, నల్లగండ్లల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిలో చేరినవారిలో సగం మంది మనవైపు నుంచి వచ్చినవారేనని పండగ ముందు రోజు ఈ ప్లాట్‌ఫారం మీద నిలబడితే అనిపిస్తుంది. మరోవైపు సికింద్రాబాద్‌లో ఉన్నవి పది ప్లాట్‌ఫారాలు. అక్కడ ఆగిపోయే రైళ్లను ముందుకు పంపితే ప్లాట్‌ఫారం ఖాళీ అవుతుంది, జనానికీ ఇల్లు దగ్గరవుతుంది. జన్మభూమి, నారాయణాద్రి, గౌతమి, విజయవాడ ఇంటర్‌సిటీ అలా ఒకదాని వెనక ఒకటి ఇక్కడికి చేరాయి. నన్నడిగితే ఊరు పడమరకు జరిగిందని రైల్వే కాస్త ఆలస్యంగా ఒప్పుకుంది, అంతే.

ఒక జాగ్రత్త. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం మొదలయ్యాక కొన్ని రైళ్లను అక్కడికి వెళ్లకుండా చర్లపల్లి, సనత్‌నగర్ మీదుగా మళ్లించారు. 2025 నుంచి జన్మభూమి అలాగే వస్తోంది. కాబట్టి టికెట్ తీసేటప్పుడు మధ్యలో ఆగే స్టేషన్లు ఒకసారి చూసుకోండి. సికింద్రాబాద్‌లో ఎవరినైనా ఎక్కించుకుందామనుకుంటే ఇబ్బంది పడతారు.

మీ చందానగర్‌కూ స్టేషన్ ఉంది, లింగంపల్లికి ముందుదే. అయితే గౌతమి అక్కడ ఆగదు, ఎంఎంటీఎస్ ఆగుతుంది. ఎంఎంటీఎస్ గురించి కొత్తవారికి నేను చెప్పేది ఒకటే: ఆఫీసు వేళల్లో దాన్ని మించింది లేదు, మిగతా వేళల్లో దాన్ని నమ్ముకుని ఇంటి నుంచి కదలకండి. పది నిమిషాలకొకటి వచ్చే మెట్రో కాదిది. సమయం చూసుకునే బయలుదేరాలి. ఆదివారం సర్వీసులు ఇంకా తగ్గుతాయి. కరోనా వచ్చినప్పుడు 2020 మార్చిలో ఆగిన ఈ రైళ్లు మళ్లీ కదిలింది 2021 జూన్ 23న. ఆ పదిహేను నెలల్లో బండ్లు, కార్లు కొనుక్కున్నవారు చాలామంది తిరిగి రాలేదు. నేను మాత్రం సీజన్ టికెట్ మానలేదు. నాంపల్లికి ముప్పావు గంటకు అటూ ఇటూ పడుతుంది, ఆ ధరకు ఆటో వీధి చివరికి కూడా రాదు.

పేర్లు చూసి మోసపోవద్దు. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ వేరు, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ వేరు. రెంటికీ మధ్య రెండు మూడు కిలోమీటర్లు ఉంటుంది. మా తమ్ముడు మొదటి ఇంటర్వ్యూ రోజు ఆ ఎండలో ఇస్త్రీ చొక్కాతో నడిచాడు. మెట్రో పట్టుకోవాలంటే భరత్‌నగర్‌లోనో బేగంపేటలోనో దిగండి. లింగంపల్లికి మెట్రో లేదు, దగ్గరలో ఉన్నది మియాపూర్.

చివరగా, స్టేషన్‌కు రెండు వైపులా ఊరే. మీరు వెళ్లాల్సింది చందానగర్, బీహెచ్‌ఈఎల్ వైపు. నల్లగండ్ల వైపు దిగితే రైల్వే అండర్ బ్రిడ్జి కింద నుంచి చుట్టూ తిరిగి రావాలి. వాన పడితే అక్కడ నీళ్లు నిలిచి బండ్లు ఆగిపోతాయి. ఏ వైపు బయటికి రావాలో మీవాళ్లకు ముందే చెప్పండి. బేగంపేట దాటగానే ఫోన్ చేయమనండి, మీరు అప్పుడు బయలుదేరితే సరిపోతుంది. సికింద్రాబాద్‌లో దిగవద్దని మాత్రం ముందు రోజు రాత్రే ఒకసారి గుర్తు చేయండి.