పాలు పడవు, పెరుగు పడుతుంది... ఎందుకని?

ప్రశ్న: నా వయసు 42. చిన్నప్పుడు ఎన్ని పాలు తాగినా అరిగిపోయేవి. ఇప్పుడు పొద్దున్నే గ్లాసుడు పాలు తాగితే గంటా గంటన్నరలో కడుపుబ్బరం, గుడగుడలు, ఒక్కోసారి నీళ్ల విరేచనం. మందస కోవా తిన్నా అంతే. పెరుగు మాత్రం పడుతోంది. మందుల షాపులో ఇచ్చిన ఎంజైమ్ సిరప్ తాగినా గుణం లేదు.
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: మీ లక్షణాలను బట్టి లాక్టేజ్ అనే ఎంజైమ్ తగ్గినట్టుంది. పాలలో ఉండే చక్కెర లాక్టోజ్. 200 మిల్లీలీటర్ల పాలలో దాదాపు 10 గ్రాములుంటుంది. చిన్నపేగు లోపలి పొర మీదుండే లాక్టేజ్ దాన్ని గ్లూకోజ్, గెలాక్టోజ్‌లుగా విడగొడితేనే రక్తంలోకి చేరుతుంది. పసితనం దాటాక చాలామందిలో ఈ ఎంజైమ్ తగ్గిపోతుంది. ఇది జబ్బు కాదు. విడిపోని లాక్టోజ్ పేగులోకి నీటిని లాగుతుంది, విరేచనం అందుకే. పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెడితే గ్యాస్ పుడుతుంది. పాలు ఎంత మరిగించినా లాక్టోజ్ పోదు. లీటరు పాలు ఇగిరితే సుమారు 200 గ్రాముల పచ్చికోవా వస్తుంది. అంటే 50 గ్రాముల ముక్క తింటే పావులీటరు పాలు తాగినట్టే.

పెరుగులో తోడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే వాడేసుకుంటాయి. మిగిలినదాన్ని వాటి ఎంజైమే మీ పేగులో విడగొడుతుంది. మజ్జిగ పులుసు కాస్తే మాత్రం వేడికి ఆ ఎంజైమ్ పాడవుతుంది, ఆ సాయం ఉండదు.

ఇక సిరప్. ఒక ఎంజైమ్ పని మరొకటి చేయదు. మామూలు అరుగుదల సిరప్‌లలో ఎక్కువగా ఉండే డయాస్టేజ్ పిండిపదార్థాన్ని, పెప్సిన్ మాంసకృత్తులను విడగొడతాయి. లాక్టోజ్ జోలికి పోవు. లాక్టేజ్ మాత్రలు వేరే ఉంటాయి. అవి పాల మొదటి గుక్కతోనే వేసుకోవాలి. కడుపు ఉబ్బాక వేసుకుంటే వృథా.

రెండు వారాలు పాలు, కోవా, ఐస్‌క్రీమ్ పూర్తిగా ఆపి చూడండి. తగ్గితే 100 మిల్లీలీటర్లతో, అదీ భోజనంతో పాటు మొదలుపెట్టండి. పరగడుపున వద్దు. చాలామందికి ఒక విడతకు 12 గ్రాముల లాక్టోజ్ దాకా ఇబ్బంది ఉండదు. పాలు మానినా తగ్గకపోయినా, బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా, నిద్రలోంచి లేపేలా విరేచనాలవుతున్నా డాక్టరును కలవాలి. అది లాక్టేజ్ సమస్య కాకపోవచ్చు.

పాలు తగ్గించారని కాల్షియం తగ్గనివ్వకండి. 100 గ్రాముల చోళ్లలో (రాగుల్లో) సుమారు 350 మిల్లీగ్రాములుంటుంది. చోడి అంబలి మీ ఇంట్లో ఉండేదే. మజ్జిగ మాత్రం అంబలి బాగా చల్లారాకే కలపండి.