విదేశంలో పాత కట్టడాల డాక్యుమెంటేషన్ ఇంటర్న్‌షిప్: పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి?

"విజయనగరంలో ఆర్కిటెక్చర్ చదువుతున్నాను, అమెరికా ఇంటర్న్‌షిప్‌కి మా కోటదో, శ్రీముఖలింగం గుడిదో త్రీడీ మోడల్ చేసి పంపితే సరిపోతుందా?" అని ఒక విద్యార్థి అడిగారు. నన్నడిగితే అది పక్కన పెట్టి, మీ వీధిలోనే ఒక పాత పెంకుటిల్లు కొలవండి.

నాది శ్రీకాకుళం. ఒక వేసవి అమెరికాలో హాబ్స్ (హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే) జట్టులో పనిచేశాను. మాంద్యం రోజుల్లో పనిలేని ఆర్కిటెక్టులతో పాత కట్టడాలు కొలిపించి గీయించడానికి 1933లో మొదలైన సర్వే అది. తోటలు, పొలాల్లాంటి స్థలాల కోసం 2000లో హాల్స్ (హిస్టారిక్ అమెరికన్ ల్యాండ్‌స్కేప్స్ సర్వే) వచ్చింది. గీసినవన్నీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి చేరతాయి. ఇంట్లో కూర్చునే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, దరఖాస్తుకు ముందు కొన్ని షీట్లు చూడండి.

గోడ వంగి ఉంటే వంగినట్టే గీయాలి. ఏ మూలా తొంభై డిగ్రీలని నమ్మకూడదు, గదికి కర్ణాలు (మూల నుంచి ఎదుటి మూలకి దూరం) కూడా కొలవాలి. టేపు సున్నా ఒకే చోట ఉంచి తలుపు, కిటికీ, మూల వరసగా చదువుకుంటూ పోవాలి. ముక్కలుగా కొలిచి కూడితే తేడాలు పోగుపడతాయి. లేజర్ స్కానర్ వాడినా, దూలం గోడలో ఎలా కూర్చుందో మనమే చూసి రాసుకోవాలి. మట్టి అంటిన ఆ పెన్సిల్ నోట్సు కూడా పోర్ట్‌ఫోలియోలో పెట్టండి. మెరిసే రెండర్లు అందరూ పంపుతారు.

ఇక్కడ కొలవడం కంటే కొలవనిచ్చేలా ఒప్పించడమే కష్టం. టేపు తీయగానే "ఏటి బాబూ, రోడ్డు ఎడల్పు చేస్తారా?" అంటారు. అన్నదమ్ముల పంపకాలకేమోనని ఇంకో అనుమానం. ముందు అరుగు మీద కూర్చుని, ఇల్లు ఎవరు కట్టించారు, కలప ఎక్కణ్ణుంచి తెచ్చారు అని అడగండి. ఆ కబుర్లే తర్వాత షీట్లతో పాటు రాసే చరిత్ర రిపోర్టుకి పనికొస్తాయి. శ్రీముఖలింగం పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అనుమతి వచ్చేసరికి మీ సెమిస్టర్ అయిపోవచ్చు.

హాల్స్ వైపు మనసుంటే ఊరి చెరువు తీసుకోండి. గట్టు, మదుము (తూము), కాలువ, చింతచెట్లు, రేవు అన్నీ ఒకే ప్లానులో రావాలి. నిండినప్పుడూ ఎండినప్పుడూ ఫొటోలు తీయండి. నన్ను ఎక్కువ ప్రశ్నలు అడిగింది నా చెరువు షీటు మీదే!

వీసా సాధారణంగా జె-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా). స్పాన్సర్ సంస్థ నుంచి డీఎస్-2019 ఫారం (ఆ వీసాకి మీరు అర్హులని చూపే పత్రం) వచ్చాకే మిగతా పని కదులుతుంది. టికెట్టు, ఇంటి అద్దె ఎవరు భరిస్తారో మొహమాటం లేకుండా ముందే ఈమెయిల్‌లో అడగండి. ఇంకోటి, అక్కడ కొలతలు ఇంకా అడుగులు, అంగుళాల్లోనే. కాలేజీలో మిల్లీమీటర్లే వాడి ఉంటారు కాబట్టి కొన్నాళ్ళు అడుగుల్లోనే లెక్క చెప్పే మీ ఊరి తాపీ మేస్త్రీతో తిరగండి.