టీఎస్‌హెచ్ 6.8 వస్తే థైరాయిడ్ ఉన్నట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 32. కొన్నాళ్లుగా జుట్టు బాగా రాలుతోంది, నీరసంగా ఉంటోంది. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 6.8 అని వచ్చింది, పక్కన స్టార్ గుర్తు కూడా వేశారు. టీ3 118, టీ4 7.9. నమ్మకం కుదరక రెండు వారాలాగి ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే టీఎస్‌హెచ్ 5.1 వచ్చింది, టీ3 మాత్రం 1.15కి పడిపోయింది! ఒకటే టెన్షన్. ఈ మధ్యలోనే జుట్టు కోసం మందుల షాపులో అడిగి క్యాప్సూల్స్ మొదలుపెట్టాను. మా తోటికోడలు తను వాడే థైరాయిడ్ 50 మాత్ర వేసుకోమంటోంది. అత్తగారు థైరాయిడ్‌కు పడదని క్యాబేజీని గడప దాటనివ్వడం లేదు. రెండో బిడ్డ కోసం అనుకుంటున్నాం. జీవితాంతం మాత్ర మింగాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు ఆ టీ3 సంగతి తేల్చేద్దాం. అదేమీ పడిపోలేదమ్మా. మొదటి రిపోర్టులో అంకె పక్కన డెసిలీటర్‌కు ఇన్ని నానోగ్రాములని, రెండోదాంట్లో మిల్లీలీటర్‌కు ఇన్నని ఉండి ఉంటుంది, చూడండి. డెసిలీటర్ అంటే 100 మిల్లీలీటర్లు. 1.15ను వందతో గుణిస్తే 115. 118కీ 115కీ తేడా లేనట్టే. రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్లూ స్టార్ మీదకే పోతాయి, యూనిట్ ఎవరూ చదవరు.

ఇక టీఎస్‌హెచ్. టీ3, టీ4 థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్లు. టీఎస్‌హెచ్ మాత్రం థైరాయిడ్ తయారుచేసేది కాదు. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి దీన్ని పంపి థైరాయిడ్‌ను పనికి పురమాయిస్తుంది. థైరాయిడ్ మందగిస్తే పురమాయింపు గట్టిపడి టీఎస్‌హెచ్ పెరుగుతుంది. పెద్దవాళ్లలో సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 దాకా మామూలే, ల్యాబ్‌ను బట్టి హద్దు కాస్త మారుతుంది. మీకు టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువుంది, టీ4 మాత్రం సరిగ్గానే ఉంది. దీన్ని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటాం. టీఎస్‌హెచ్ రాత్రిళ్లు పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది. జబ్బు చేసి లేచాక కూడా కొన్నాళ్లు పెరిగి ఉండొచ్చు. అందుకే పది లోపు ఉండి టీ4 బాగుంటే వెంటనే మాత్ర రాయకుండా, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చేయిస్తాం. చాలామందికి దానంతటదే మామూలుకు వచ్చేస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ క్యాప్సూల్. జుట్టు మందుల్లో చాలావాటిలో బయోటిన్ అనే విటమిన్ దండిగా ఉంటుంది. కొన్ని ల్యాబుల యంత్రాలను అది తికమకపెడుతుంది. టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా, టీ3, టీ4లను ఎక్కువగా చూపించవచ్చు. కాబట్టి 5.1 చూసి తగ్గిందని సంబరపడకండి. ఈసారి రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు క్యాప్సూల్ ఆపి, ఉదయం పూట, వీలైతే ఒకే ల్యాబ్‌లో ఇవ్వండి. పరగడుపున ఉండాల్సిన పనేమీ లేదు. ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4), యాంటీ టీపీఓ (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అని చూసే పరీక్ష) కూడా రాయించుకోండి. జుట్టు రాలడానికి ఐరన్ లోపం కూడా కారణం కావచ్చు కనుక హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ చూపించుకుంటే మంచిది. పాపం, తప్పంతా థైరాయిడ్‌దే అనుకోనక్కర్లేదు.

కానీ రెండో బిడ్డ మాట చెప్పారు కదా, అందుకని మీరు మూడు నెలలు ఆగవద్దు. మొదటి నెలల్లో కడుపులోని బిడ్డకు తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం. ప్రయత్నం మొదలుపెట్టకముందే డాక్టర్‌ను కలవండి. యాంటీ టీపీఓ పాజిటివ్ వస్తే చిన్న మోతాదు మాత్ర రాసే అవకాశం ఎక్కువ. అది జీవితాంతమా కాదా అనేది ఇప్పుడే చెప్పలేం. ప్రసవం తర్వాత ఆపేసినవాళ్లూ ఉన్నారు.

తోటికోడలి మాత్ర మాత్రం ముట్టుకోకండి. 50 మైక్రోగ్రాములనేది ఆవిడ రక్తం చూసి రాసిన మోతాదు. ఎక్కువైతే గుండె దడ, నిద్రలేమి వస్తాయి. పైగా ఇప్పుడు వేసుకుంటే రేపటి పరీక్షలో మీ అసలు స్థితి తెలియదు. డాక్టర్ మీకే రాస్తే పొద్దున్నే మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు కాఫీ తాగకండి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు ఒంట్లో కుదురుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, మళ్లీ పరీక్ష అప్పుడే.

క్యాబేజీ ఉడికించి వండుకుంటే, మామూలుగా తినేంతలో భయం లేదు. డాక్టర్ చెప్పిందని అత్తగారితో అనండి. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు రెండు రిపోర్టులతోపాటు ఆ క్యాప్సూల్ సీసా కూడా పట్టుకెళ్లండి.