చివరి నిమిషాల్లోని నిశ్చల చిత్రాలు

తక్కువ ఖర్చుతో తీసిన భయానక చిత్రాన్ని చరిత్రలోని ఘట్టాలతో కలిపి చూడటం సబబేనా, లేక అది విమర్శకులు తర్వాత అంటగట్టిన అర్థమా అని అడిగారు. చచ్చినవారు లేచి మనుషుల్ని తినడానికి వస్తుంటే ఒక ఇంట్లో చిక్కుకుపోయిన కొందరి కథ, ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అనే అమెరికన్ చిత్రం. దాన్ని మూడుసార్లు చూసిన అనుభవంతో జవాబు చెబుతాను. ముగింపు చెప్పక తప్పదు కాబట్టి, చూడనివారు ముందు సినిమా చూసి రావడం మేలు.

మొదటిసారి చదువుకునే రోజుల్లో, బొమ్మంతా బూడిదరంగులో అలుక్కుపోయిన కాపీలో చూశాను. శ్మశానంలో తూలుతూ వచ్చే మనిషిని చూసి మిత్రులతో కలిసి నవ్వుకున్నాను కూడా. కాపీ అంత అధ్వానంగా ఉండటానికీ ఒక కథ ఉందని తర్వాత తెలిసింది. చిత్రానికి ముందు పెట్టుకున్న పేరు ‘నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్’. పంపిణీదారులు పేరు మార్చినప్పుడు, పాత పేరుతో పాటు అక్కడే ఉన్న కాపీరైట్ ప్రకటన కూడా ఎగిరిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క పంక్తి లేకపోతే హక్కు లేనట్టే. దాంతో ఎవరికి దొరికిన ప్రింటుకు వారు నకళ్లు తీసి అమ్ముకున్నారు. నకలుకు నకలు తీస్తూ పోగా నా దాకా వచ్చింది ఆ అలుకుడు బొమ్మ.

పిట్స్‌బర్గ్‌లో వ్యాపార ప్రకటనలు తీసే దర్శకుడు జార్జ్ రొమెరో, ఆయన మిత్రులు 1967లో సుమారు 1,14,000 డాలర్లతో దీన్ని తీశారు. రక్తం చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు చిత్రం కనుక చెల్లిపోయింది. కథానాయకుడు బెన్ పాత్రకు నల్లజాతి నటుడు డ్వేన్ జోన్స్‌ను తీసుకున్నది, నటన పరీక్షలో ఆయనే అందరికంటే బాగా చేశాడని మాత్రమేనని రొమెరో చెబుతూ వచ్చారు. అంటే చరిత్ర గురించి మాట్లాడాలన్న సంకల్పం వారికి మొదట లేదు.

చరిత్రే వచ్చి ఆ చిత్రం మీద పడింది. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. పూర్తయిన ప్రింటును కారులో పెట్టుకుని న్యూయార్క్ వెళుతుండగా ఆ వార్త రేడియోలో విన్నామని రొమెరో తర్వాత గుర్తుచేసుకున్నారు. జూన్‌లో రాబర్ట్ కెనెడీని కాల్చి చంపారు. అక్టోబర్ 1న పిట్స్‌బర్గ్‌లో చిత్రం తొలిసారి ప్రదర్శితమయ్యేనాటికి, నల్లజాతి కథానాయకుడు తుపాకీ గుండుకు బలయ్యే ముగింపును కేవలం కథగా చూడగల ప్రేక్షకులు ఎందరు మిగిలి ఉంటారు?

2016లో అసలు నెగెటివ్ నుంచి పునరుద్ధరించిన ప్రతిని చూసినప్పుడు నాకు నవ్వు రాలేదు. నేలమాళిగలోకి వెళితే చావేనని రాత్రంతా వాదించిన బెన్, చివరికి అక్కడే దాక్కుని ప్రాణాలతో బయటపడతాడు. తెల్లవారి తుపాకుల చప్పుడు విని పైకి వచ్చి కిటికీలోంచి చూస్తాడు. పీనుగులను వేటాడుతూ బయట తిరుగుతున్న సాయుధులు అతన్నీ నడిచే పీనుగే అనుకుని కాల్చేస్తారు. ఆ తర్వాత కదిలే బొమ్మ ఆగిపోయి, వార్తాపత్రికలో అచ్చైనట్టుండే గరుకు ఫొటోలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి: మాంసం కొక్కేలు పట్టుకున్న చేతులు, ఈడ్చుకెళ్లిన శవం, కట్టెల కుప్ప. నా పాత కాపీలో ఇవి నల్లటి మరకలు మాత్రమే. ఇప్పుడు వాటిలో ముఖాలు కనిపించాయి. నల్లజాతివారిపై జరిగిన హింసను చూపిన ఆ దశాబ్దపు అమెరికా వార్తాచిత్రాలు చూసినవారికి అవి కొత్త ముఖాలు కావు.

ప్రతి ఫ్రేములోనూ వియత్నాం యుద్ధాన్ని వెతికే వ్యాఖ్యానాలతో మాత్రం నేను ఏకీభవించను. పాత్రల మధ్య గొడవ చాలావరకు నేలమాళిగ గురించే. అయినా ఆ ఫొటోల విషయంలో అంటగట్టిన అర్థమేమీ లేదనే అంటాను. మూడోసారి చూసినప్పుడు ఒకే సంగతి గమనిస్తూ కూర్చున్నాను: గురి పెట్టడానికీ ట్రిగ్గర్ నొక్కడానికీ మధ్య, కిటికీలో ఉన్నదెవరని ఎవరూ ఒక్క కేక కూడా వేయరు.