అరల రంధ్రాలకు గైడ్ రెయిల్: పొట్టిదా, పొడవుదా?

ప్రశ్న: మధురవాడలో చిన్న కార్ఖానా పెట్టుకొని చుట్టుపక్కల అపార్టుమెంట్లకు వార్డ్‌రోబులు, వంటింటి క్యాబినెట్లు చేసి ఇస్తున్నాను. అరలను పైకీ కిందికీ మార్చుకునేలా పిన్నులకు రంధ్రాలు వేయమని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ప్లైవుడ్ కోసేటప్పుడు రంపం వంకర పోకుండా పలక మీద పెట్టుకునే 1400 మి.మీ. లోహపు పట్టీ, అంటే గైడ్ రెయిల్, నా దగ్గర ఉంది గానీ అది రంధ్రాలు లేని రకం. పనిముట్లు తయారుచేసే ఫెస్టూల్ సంస్థ 32 మి.మీ.కు ఒకటి చొప్పున రంధ్రాలున్న రెయిల్‌ను 1400, 2424 మి.మీ. పొడవుల్లో అమ్ముతోంది. వీటిలో ఏది కొనమంటారు? పొట్టివి రెండు కొని కలుపుకుంటే సరిపోదా?
– ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: వార్డ్‌రోబులే మీ ప్రధానమైన పని అయితే 2424 తీసుకోండి. వంటింటి పనే ఎక్కువై, ఏడడుగుల వార్డ్‌రోబు ఎప్పుడో ఒకటి వస్తుందనుకుంటే 1400 చాలు. రెండు పొట్టి రెయిళ్లను కలిపి వాడే ఆలోచనను మాత్రం మానుకోవడం మంచిది.

అర నాలుగు పిన్నుల మీద నిలుస్తుంది. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఉండవలసిన 32 మి.మీ. దూరం వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు గానీ, ఆ నాలుగింటిలో ఒక్క పిన్ను ఒక మిల్లీమీటరు ఎత్తుగా ఉన్నా అర కుదురుగా నిలవక ఊగుతుంది. అందువల్ల ఒక్కొక్క వరుసను రెయిల్ కదపకుండా, ఒకే చివర నుంచి కొలిచి వేయడమే ఈ పనిలో అసలు కీలకం. రెయిల్ పొడవు ఎంచుకునేటప్పుడు చూడవలసింది కూడా ఇదే: మీరు తరచుగా చేసే పక్కపలకల్లో అన్నిటికంటే పొడవైన రంధ్రాల వరుస ఒక్క అమరికలో పూర్తవుతుందా, లేదా?

వంటింటి కింది క్యాబినెట్ పక్కపలక సాధారణంగా 720 మి.మీ. ఉంటుంది కనుక 1400 రెయిల్ దాని మీద ఇంకా 680 మి.మీ. మిగులుతుంది. ఆ మిగులు వృథా కాదు. రౌటర్‌ను, అంటే రంధ్రం వేసే యంత్రాన్ని, మోస్తూ రెయిల్ రంధ్రాల్లో ఒక్కొక్కదాని దగ్గర ఆగే చిన్న పలక మొదటి రంధ్రం దగ్గరా చివరి రంధ్రం దగ్గరా పూర్తిగా రెయిల్ మీదే కూర్చోవాలి. అందుకే పక్కపలకకు సరిగ్గా సమానమైన రెయిల్ పనికిరాదు. ఏడడుగుల, అంటే 2134 మి.మీ. పలక మీద 2424 రెయిల్ రెండు వైపులా కలిపి 290 మి.మీ. మిగులుతుంది, అది సరిపోతుంది. 1400 రెయిల్‌తో ఇదే పని చేయాలంటే కింది సగం వేసి, వేసిన ఆఖరి రంధ్రాన్ని ఆధారం చేసుకొని రెయిల్‌ను పైకి జరపాలి. ఒక వార్డ్‌రోబుకు రెండు పలకలు, నాలుగు వరుసలు, అంటే నాలుగుసార్లు జరపడం. జరిపిన ప్రతిసారీ తేడా వచ్చే అవకాశం ఉంటుంది. అయితే చీరలు, చొక్కాలు వేలాడదీసే భాగంలో అరలే ఉండవు, అడుగున సొరుగులుంటే అక్కడా పిన్నులు అక్కరలేదు. అటువంటి వార్డ్‌రోబుల్లో పొట్టి రెయిల్‌తోనే చాలావరకు నెట్టుకురావచ్చు.

ఇక కలపడం సంగతి. 1400 అనేది 32తో నిశ్శేషంగా భాగించబడే సంఖ్య కాదు. 43 సార్లు 32 వేస్తే 1376 వస్తుంది. కాబట్టి రెండు రెయిళ్ల చివరలను ఒకదానికొకటి ఆనించి బిగించినంత మాత్రాన అతుకు మీదుగా 32 కొలత నిలుస్తుందని అనుకోకూడదు. మొదటి రెయిల్ ఆఖరి రంధ్రానికీ రెండో రెయిల్ మొదటి రంధ్రానికీ మధ్య దూరాన్ని కాలిపర్‌తో (సూక్ష్మ కొలతలు తీసే పరికరంతో) కొలిచి, 32కు తెచ్చి, అప్పుడు బిగించాలి. విప్పి మళ్లీ కలిపిన ప్రతిసారీ ఇదే తంతు.

ఏ పొడవు కొన్నా, రెయిల్ రెండు చివర్లలోనూ స్టాపులు (పలక చివరకు ఆనే అడ్డుముక్కలు) ఒకే కొలతకు పెట్టండి. ముందు వరుసను పలక ముందు అంచు నుంచి 37 మి.మీ. లోపలికి వేశాక, వెనుక వరుసకు రెయిల్‌ను తిప్పి వెనుక అంచుకు చేర్చినప్పుడు దాని రెండో చివర పలక అడుగు వైపుకు వస్తుంది. రెండు స్టాపులూ ఒకే కొలతకు లేకపోతే, ఎంత ఖరీదైన రెయిల్ అయినా వెనుక పిన్ను ముందు పిన్నుతో సమానంగా రాదు. పని మొదలుపెట్టే ముందే ప్రతి పలకకూ అడుగు ఏదో, ముందు అంచు ఏదో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

మరో చిన్న మెలకువ: 18 మి.మీ. పలకతో చేసే ఏడడుగుల వార్డ్‌రోబు పక్కలను 2134కు బదులు 2130 మి.మీ.కు కోయండి. పైనా కిందా 9 మి.మీ. చొప్పున వదిలితే మిగిలిన 2112లో 32 సరిగ్గా 66 సార్లు పడుతుంది. అప్పుడు పలకను ఏ చివర నుంచి కొలిచినా రంధ్రాలు ఒకేచోట వస్తాయి.

పొడవు రెయిల్ కొంటే ఎనిమిదడుగుల షీటును నిలువునా చీల్చడానికీ పనికొస్తుందని ఆశపడకండి. షీటు 2440, రెయిల్ 2424; 16 మి.మీ. తక్కువ, పైగా రంపం షీటులోకి దిగే ముందు ఆనడానికి మరికొంత రెయిల్ ముందుకు ఉండాలి. ఆ కోతకు 2700 గానీ 3000 గానీ వేరే ఉండాలి. 1220 అడ్డకోతకైతే మీ దగ్గరున్న 1400 చక్కగా సరిపోతుంది. పనిని కస్టమర్ల ఇళ్లలోనే చేసేవారు మాత్రం పొడవు రెయిల్ మెట్ల మలుపుల్లోనూ లిఫ్టులోనూ పెట్టే తంటాను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ప్రశ్న: మా ఇంట్లో ఒక్క పుస్తకాల బీరువా చేయించుకుంటున్నాం. దానికీ ఈ రెయిల్ కావాలా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అక్కరలేదు. బీరువా పక్కపలకంత పొడవున్న 12 మి.మీ. ప్లైవుడ్ బద్ద మీద 32 మి.మీ. దూరంలో 5 మి.మీ. రంధ్రాలు నిటారుగా వేయించి, ఒక చివర ‘అడుగు’ అని రాసి, నాలుగు వరుసలకూ ఆ బద్దనే వాడమని మీ వడ్రంగికి చెప్పండి. బిట్టు రాపిడికి బద్దలోని రంధ్రాలు క్రమంగా వదులవుతాయి గానీ ఒక్క బీరువాకు ఢోకా లేదు. 18 మి.మీ. పలకలో లోతు 12 మి.మీ. దాటకుండా బిట్టుకు టేపు చుట్టించండి.