ఒకే స్టేజ్, ఒకే రేడియేషన్.. అమ్మ గడ్డ మాత్రం ఎందుకు నెమ్మదిగా కరుగుతోంది?

ప్రశ్న: మాది నాయుడుపేట. నేను చెన్నై వేలచ్చేరిలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. అమ్మకు 56 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, 3బి స్టేజ్ అన్నారు. ఇక్కడే రోజూ రేడియేషన్, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తున్నారు. 25 సిట్టింగుల్లో 17 అయ్యాయి. అమ్మతోపాటే మొదలుపెట్టిన ఇంకొకావిడకు ఇదే స్టేజ్, గడ్డ దాదాపు కరిగిపోయిందట. అమ్మకు సగమే తగ్గిందన్నారు. బయాప్సీ రిపోర్టులో గడ్డ లోపల లింఫోసైట్లు (రక్షణ కణాలైన ఒక రకం తెల్ల రక్తకణాలు) తక్కువని ఉంది. రక్తంలోనూ తగ్గాయి. ఇమ్యూనిటీ లేకనే ఇలా అవుతోందని, తిప్పతీగ రసం తాగించమని చుట్టాలు అంటున్నారు. ఇమ్యూనోథెరపీ ఇంజెక్షన్ వేయిస్తే మంచిదా? అమ్మేమో మధ్యలో రెండు రోజులు ఊరికి వెళ్లొస్తానంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, చెన్నై

డాక్టర్ సలహా: అమ్మా, 17 సిట్టింగులకు గడ్డ సగం తగ్గిందంటే చికిత్స పనిచేస్తోందనే అర్థం. రేడియేషన్ తగిలిన క్యాన్సర్ కణం వెంటనే చావదు. దాని డీఎన్‌ఏ తెగుతుంది. ఆ తర్వాత అది రెండుగా చీలబోయినప్పుడు చనిపోతుంది. అందుకే కొన్ని గడ్డలు మూడో వారానికే కరుగుతాయి, కొన్ని చికిత్స ముగిశాక కూడా నెలల తరబడి తగ్గుతూనే ఉంటాయి. అసలు ఫలితం తేల్చే పెట్ స్కాన్ చికిత్స ముగిసిన మూడు నెలలకు తీస్తారు. పక్కావిడ గడ్డతో ఇప్పుడు పోల్చి చూసుకుని కుంగిపోవద్దని అమ్మగారికి మీరే చెప్పాలి.

ఇక మీరు రిపోర్టులో చూసిన ‘లింఫోసైట్లు తక్కువ’ అనే మాట. చాలామంది ఆ వాక్యాన్ని చదవకుండా వదిలేస్తారు, మీరు పట్టుకున్నారు. రేడియేషన్ అంటే మన వైపు ‘కరెంటు పెట్టడం’ అంటారు. గడ్డను కాల్చేస్తుందనే ఊహ ఆ మాటలోనే ఉంది. నిజానికి ఆ పనిలో కొంత మన ఒంట్లోని రక్షణ కణాలు చేస్తాయి. ఇది కొత్తగా తెలిసింది కూడా కాదు. 1979లో అమెరికా పరిశోధకులు ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. మామూలు ఎలుకల్లో సగం గడ్డలను నయం చేయడానికి సుమారు 30 గ్రే (రేడియేషన్ డోసును కొలిచే యూనిట్) సరిపోయింది. రోగనిరోధక శక్తిని అణిచేసిన ఎలుకల్లో అదే ఫలితం రావడానికి 60 గ్రే దాటాల్సి వచ్చింది. గడ్డ అదే, మిషన్ అదే. తేడా అంతా లింఫోసైట్లలో ఒక రకమైన టి కణాల దగ్గరే.

అది ఎలాగో చెబుతాను. డీఎన్‌ఏ తెగిన కణంలో ఆ ముక్కలు కొన్ని ఉండాల్సిన చోటు దాటి బయటికి వస్తాయి. వైరస్ జొరబడినప్పుడు మోగే అలారమే అప్పుడు కణంలో మోగుతుంది. చనిపోతున్న కణాల ముక్కలను డెండ్రైటిక్ కణాలు ఏరుకుని దగ్గరి లింఫ్ గ్రంథికి మోసుకెళ్లి, ‘శత్రువు ఇలా ఉంటాడు’ అని టి కణాలకు చూపిస్తాయి. నేర్చుకున్న టి కణాలు తిరిగి గడ్డలోకి వచ్చి, రేడియేషన్ దెబ్బ తప్పించుకున్న కణాలను వెతికి చంపుతాయి. ఇవి ముందే ఎక్కువగా చేరి ఉన్న గడ్డను మేము హాట్ ట్యూమర్ అంటాం, చేరని దాన్ని కోల్డ్ ట్యూమర్ అంటాం. హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే గొంతు క్యాన్సర్లు పొగాకు వల్ల వచ్చే వాటికంటే రేడియేషన్‌కు బాగా లొంగడానికి ఉన్న కారణాల్లో, వాటిలో టి కణాలు ఎక్కువగా చేరి ఉండటమూ ఒకటి.

గడ్డలో ఉన్న రక్షణ కణాలన్నీ మన పక్షాన ఉండవు. రెగ్యులేటరీ టి కణాలని కొన్ని ఉంటాయి, వాటి పని మిగతా వాటిని శాంతింపజేయడం. మామూలు రోజుల్లో అది మంచిదే, మన ఒంటి మీద మన సైన్యమే పడకుండా ఆపేది అవే. గడ్డలో మాత్రం అవి క్యాన్సర్‌కు కాపలా అవుతాయి. పైగా మిగతా లింఫోసైట్ల కంటే రేడియేషన్‌ను బాగా తట్టుకుంటాయి. పుండు మాన్చాల్సిన మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలను కూడా గడ్డ తనవైపు తిప్పుకుంటుంది. అందుకే ఎన్ని కణాలున్నాయన్నది ఒక్కటే చాలదు, ఏ రకం ఉన్నాయన్నదీ చూడాలి. బయాప్సీ ముక్క చాలా చిన్నది కూడా. గడ్డలో ఒక మూల లింఫోసైట్లు లేకపోయినా ఇంకో మూల గుంపుగా ఉండొచ్చు. ఆ ఒక్క వాక్యాన్ని బట్టి ఈ రోజు ఏ డాక్టరూ డోసు మార్చరు.

రక్తంలో లింఫోసైట్లు తగ్గడం గురించి భయపడకండి. ఒంట్లో రేడియేషన్‌కు అందరికంటే ముందు చచ్చే కణాలు అవే. పైగా పెద్దవాళ్లలో రక్తం తయారయ్యే మజ్జలో సుమారు సగం నడుము, కటి ఎముకల్లోనే ఉంటుంది. అమ్మగారికి రేడియేషన్ ఇస్తున్నదీ అక్కడే. అమ్మగారు సరిగా తినలేదనో, మీరు సరిగా చూసుకోలేదనో అది తగ్గలేదు. దయచేసి ఆ నింద మీద వేసుకోకండి.

తిప్పతీగ వద్దు. ఈ విషయంలో చుట్టాలకు ఎంత గట్టిగా చెప్పినా తప్పులేదు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశ డాక్టర్లే 2021లో వెల్లడించారు. వాళ్లలో చాలామందికి రోగనిరోధక శక్తి ఎదురుతిరిగి సొంత కాలేయం మీదే పడింది. ఇమ్యూనిటీని రెచ్చగొడితే అది గడ్డ మీదికే వెళ్తుందన్న హామీ ఏమీ లేదు. అమ్మగారు సిస్‌ప్లాటిన్ మీద ఉన్నారు, కిడ్నీలు ఇప్పటికే కష్టపడుతున్నాయి. గుడ్డు, పప్పు, చేప, పలుచటి మజ్జిగ, సరిపడా నీళ్లు చాలు. హిమోగ్లోబిన్ 10కి తగ్గకుండా చూడమని అడగండి. గడ్డకు ఆక్సిజన్ అందితేనే రేడియేషన్ బాగా పనిచేస్తుంది. ఆక్సిజన్ లేని చోట టి కణాలు కూడా నిలవలేవు.

ఇంజెక్షన్ సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందును రేడియేషన్, సిస్‌ప్లాటిన్‌తో కలిపి ఇచ్చిన కీనోట్-ఎ18 పరిశోధనలో మూడేళ్ల తర్వాత బతికున్నవాళ్లు 82.6 శాతం, ఆ మందు లేనివాళ్లలో 74.8 శాతం. 3బి స్టేజ్ వాళ్లూ అందులో ఉన్నారు. ఇది నిజమైన లాభం. కానీ ఇదే జబ్బులో, ఇదే పద్ధతిలో దుర్వాలుమాబ్ అనే మరో ఇమ్యూనోథెరపీ మందు ఇచ్చి చూస్తే ఆశించిన లాభం కనిపించలేదు. ఇంకో సంగతి, కీనోట్-ఎ18లో మందును రేడియేషన్‌తోపాటు మొదలుపెట్టి సుమారు రెండేళ్లు కొనసాగించారు. గడ్డ నెమ్మదిగా కరుగుతోందని నాలుగో వారంలో ఒకటి రెండు డోసులు వేయించడం ఎవరూ పరీక్షించిన పద్ధతి కాదు. థైరాయిడ్, ఊపిరితిత్తులు, పేగులు, కాలేయం దెబ్బతినే అవకాశమూ ఉంది. మీ డాక్టర్‌తో తప్పకుండా మాట్లాడండి. కానీ పొలం అమ్మో, అప్పు చేసో ఈ వారం వేయించాల్సిన పరిస్థితి నాకు కనిపించడం లేదు. మొదట్లో ఎందుకు ఇవ్వలేదని కూడా బాధపడకండి. ఇప్పుడు ఇస్తున్నది చాలా ఏళ్లుగా ఎందరినో నయం చేసిన చికిత్సే.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది, అమ్మగారు మధ్యలో రెండు రోజులు ఊరికి వెళ్లొస్తానన్న మాట. బయటి రేడియేషన్, తర్వాత లోపల పెట్టే బ్రాకీ థెరపీ, రెండూ కలిపి 8 వారాల్లో ముగియాలి. ఆ గడువు దాటిన ఒక్కో రోజుకు గడ్డ అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. మనం విరామం ఇస్తే బతికిన కణాలు ఊరుకోవు, ఇంకా వేగంగా పెరుగుతాయి. సూళ్లూరుపేట, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లు పెళ్లి ఉందని, నాట్లు ఉన్నాయని మధ్యలో ఊరికి వెళ్లడం నేను తరచూ చూస్తుంటాను. అమ్మగారికి ఇంటి మీద బెంగ ఉంటుంది, అది సహజం. వీలైతే శని, ఆదివారాల్లో ఊరి నుంచి ఎవరినైనా మీ దగ్గరికే పిలిపించండి. బ్రాకీ తేదీ ఇప్పటిదాకా ఇవ్వకపోతే రేపే అడిగి తీసుకోండి, చాలా చోట్ల దానికి క్యూ ఉంటుంది. జ్వరం 100.4 దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఆఖరి బ్రాకీ అయ్యాక, రక్త పరీక్ష ఒకసారి చూపించుకుని, అమ్మగారిని నాయుడుపేట తీసుకెళ్లండి.